విదేశీ జైల్లో మనవాళ్లు: జవాబు చెప్పాల్సింది ఎవరు?

ఎడపల్లి నుంచి దుబాయ్ వెళ్లిన మీ తమ్ముడి ఫోన్ నాలుగు రోజులుగా కలవడం లేదనుకోండి. ఐదో రోజు అదే క్యాంపులో ఉండే పక్కూరి మనిషి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు: 'పోలీసులు తీస్కపోయిన్రు.' ఏ కేసో, ఏ స్టేషనో తెలియదు. అప్పుడు ఎవరిని అడగాలి? అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

నిజామాబాద్ జిల్లాకు ఇది కొత్త ప్రశ్న కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో ఆగిపోయింది. కానీ ఈ చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లు గల్ఫ్ బాట పట్టింది అంతకు చాలా ముందే. ఆడవాళ్లు బీడీలు చుడుతూ ఇల్లు నడపడం, మగవాళ్లు అక్కడి నుంచి డబ్బు పంపడం దశాబ్దాలుగా ఉన్న లెక్కే. ఆ లెక్కలో జైలు కూడా ఉందన్నది మాత్రం మనం బయటకు మాట్లాడుకోం.

ఎంతమంది ఉన్నారు?

2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం విదేశీ జైళ్లలో ఉన్న భారతీయులు 10,152 మంది. ఇందులో శిక్ష పడినవాళ్లే కాదు, విచారణ ఖైదీలు కూడా ఉన్నారు. సౌదీ అరేబియాలో 2,633 మంది, యూఏఈలో 2,518 మంది. అంటే సగం మంది ఈ రెండు దేశాల్లోనే ఉన్నారు. మరణశిక్ష పడినవాళ్లు 49 మంది కాగా, వారిలో 25 మంది యూఏఈలోనే ఉన్నారు.

ఈ లెక్క దేశాలవారీగా ఉంది. మన జిల్లావాళ్లు ఎంతమందో ఇందులో కనపడదు. పైగా చాలా దేశాలు గోప్యత చట్టాల పేరుతో ఖైదీ ఒప్పుకుంటే తప్ప వివరాలు ఇవ్వవని విదేశాంగ శాఖే చెబుతోంది. కాబట్టి 10,152 అనేది మన ఎంబసీలకు తెలిసినవాళ్ల సంఖ్య మాత్రమే.

ఒకే నెల, రెండు విడుదలలు

2024 ఫిబ్రవరిలో గల్ఫ్ జైళ్ల నుంచి రెండు విడుదలలు జరిగాయి. రెండూ తెలుగువాళ్లతో ముడిపడినవే.

మొదటిది ఖతార్‌లో. ఎనిమిది మంది మాజీ నౌకాదళ సిబ్బందిని అక్కడ 2022 ఆగస్టులో అరెస్టు చేశారు. 2023 అక్టోబరులో మరణశిక్ష పడింది. డిసెంబరులో దాన్ని జైలు శిక్షగా తగ్గించారు. 2024 ఫిబ్రవరి 12న విడుదల చేసినట్టు ప్రకటన వచ్చింది. వారిలో ఒకరు విశాఖపట్నం వాసి. అరెస్టు నుంచి విడుదల దాకా దాదాపు 18 నెలలు.

రెండోది దుబాయ్‌లో. నేపాల్‌కు చెందిన ఒక వాచ్‌మన్ హత్య కేసులో రాజన్న సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు కూలీలు 2005 నుంచి అక్కడ జైల్లో ఉన్నారు. అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ 2011లో నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబాన్ని కలిశారు. రూ.15 లక్షలు పరిహారంగా అందించి, క్షమాభిక్షకు ఒప్పుకుంటున్నట్టు పత్రం తీసుకున్నారు. అది చేతికొచ్చాక కూడా విడుదలకు పన్నెండేళ్లు పట్టింది. 2024 ఫిబ్రవరిలో వారిలో కొందరి కుటుంబాల నిరీక్షణ ముగిసింది. మొత్తం దాదాపు 18 ఏళ్లు.

రెండు కేసులూ ఒకటి కావు. ఆరోపణలు వేరు, దేశాలు వేరు, శిక్షలు వేరు. అయినా ఒక తేడా గమనించండి. ఖతార్ కేసులో ఏం జరుగుతోందో కేంద్రం ఎప్పటికప్పుడు దేశానికి చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే దేశమంతా అడిగింది. సిరిసిల్ల కేసును కదిలించింది ఒక ఎమ్మెల్యే చొరవ. మీ ఎమ్మెల్యేకు ఆ చొరవ లేకపోతే? చట్టం దగ్గర దానికి సమాధానం ఉందా?

చట్టం ఏం చెబుతోంది?

1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలో 36వ అధికరణ ఉంది. దాని ప్రకారం, విదేశీయుణ్ని అరెస్టు చేస్తే అతనికి ఉన్న హక్కుల గురించి వెంటనే చెప్పాలి. అతను కోరితే అతని దేశ ఎంబసీకి కబురు పంపాలి. ఎంబసీ అధికారులు జైలుకు వెళ్లి కలవవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు. కుల్‌భూషణ్ జాదవ్ కేసులో పాకిస్థాన్ ఈ అధికరణను ఉల్లంఘించిందని అంతర్జాతీయ న్యాయస్థానం 2019 జులై 17న తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసింది మన ప్రభుత్వమే.

ఇందులో రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, 'అతను కోరితే'. అందుకే గల్ఫ్ వెళ్లేవాళ్లకు ముందే చెప్పాలి: పోలీసులు పట్టుకుంటే 'ఇండియన్ ఎంబసీకి చెప్పండి' అని అడగాలి, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. రెండోది, 'కలవవచ్చు'. ఎంబసీకి కలిసే హక్కు ఉంది. కానీ ఇన్ని రోజుల్లో కలిసి తీరాలని, కుటుంబానికి ఇన్ని రోజుల్లో చెప్పి తీరాలని మన దేశంలో ఏ చట్టమూ లేదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రధానంగా ఏజెంట్ల లైసెన్సులు, క్లియరెన్సుల గురించే మాట్లాడుతుంది. దాని స్థానంలో కొత్త చట్టం కోసం 2021లో ఒక ముసాయిదా, 2025లో మరొకటి ప్రజాభిప్రాయం కోసం వచ్చాయి.

సాయం లేదని కాదు. విదేశాంగ శాఖకు 2009 నుంచి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. కష్టంలో ఉన్న కార్మికుడికి వకీలు ఖర్చు, చిన్న జరిమానాలు, తిరుగు టికెట్ వంటివి దీని నుంచి ఇవ్వవచ్చు. అకామా గడువు దాటి 'ఖల్లివెల్లి' అయినవాళ్లకూ ఇది ఉపయోగపడవచ్చు. కానీ ఇదీ అధికారి విచక్షణే. 2025 జులైలో యెమెన్‌లో మరణశిక్ష పడిన కేరళ నర్సు కేసులో, ప్రభుత్వం చేయగలిగిందానికి ఒక హద్దు ఉందని అటార్నీ జనరల్ సుప్రీంకోర్టుకు చెప్పారు. ఆ హద్దు నిజమే కావచ్చు. ఆ హద్దు దాకా వెళ్లారా లేదా అన్నది కుటుంబానికి తెలియాలి కదా.

నోటీసు ఉంటేనే జవాబు

మన నాయకులు జవాబు చెప్పనే చెప్పరా? చెబుతారు, నోటీసు ఇచ్చేవాళ్లు ఉంటే. 2023 మార్చిలో నిజామాబాద్ మాజీ ఎంపీ కవితపై చేసిన వ్యాఖ్యలకు బండి సంజయ్‌ను రాష్ట్ర మహిళా కమిషన్ పిలిచింది. ఆయన హాజరై వివరణ ఇచ్చుకున్నారు. 2024 ఆగస్టులో ఉచిత బస్సుల్లో మహిళలు డ్యాన్సులు చేసుకోవచ్చన్న ధోరణిలో మాట్లాడిన కేటీఆర్‌కూ అదే కమిషన్ నోటీసు ఇచ్చింది. ఆయన విచారం వ్యక్తం చేసి, కమిషన్ ముందు హాజరయ్యారు. అదే ఏడాది అక్టోబరులో మంత్రి కొండా సురేఖ నటి సమంతపై చేసిన వ్యాఖ్యలను దుమారం రేగాక వెనక్కి తీసుకున్నారు. పార్టీ ఏదైనా నోరు జారే తీరు ఒకటే.

మహిళా కమిషన్ శిక్ష వేయలేదు. విచారణకు పిలవగలదు, సిఫారసు చేయగలదు. ఆ కొద్దిపాటి అధికారంతోనే పెద్ద నాయకులను తేదీ ఇచ్చి పిలిచి జవాబు చెప్పించింది. ఇదే జిల్లాలో భర్త జైల్లో ఉన్న ఒక మహిళ తరఫున ఎంబసీకో, మంత్రికో తేదీ వేసి నోటీసు ఇచ్చే సంస్థ మాత్రం లేదు. మహిళల గౌరవం గురించి నాయకులు ఒకరినొకరు తిట్టుకునేటప్పుడు ఈ మహిళ ఊసు రాదు.

మాట జారితే ఖైదీకి ఎంత నష్టమో బ్రిటన్‌లో చూశాం. ఇరాన్ జైల్లో ఉన్న నాజనీన్ జఘారీ రాట్‌క్లిఫ్ అక్కడ జర్నలిజం నేర్పించేదని 2017 నవంబరులో అప్పటి విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్ పొరపాటుగా అన్నారు. ఇరాన్ ఆ మాటనే ఆమెకు వ్యతిరేకంగా వాడుకుంది. ఆయన పార్లమెంటులో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆమె ఇంటికి చేరింది 2022 మార్చిలో.

మీరు ఏం చేయవచ్చు?

గడువు వాళ్లు పెట్టకపోతే కాగితం మీద మీరే పెట్టాలి.

మొదట విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. 2015 నుంచి నడుస్తోంది. పాస్‌పోర్ట్ కాపీ, వీసా లేదా అకామా ఫొటో, కంపెనీ లేదా కఫీల్ పేరు, చివరిసారి మాట్లాడిన తేదీ దగ్గర పెట్టుకోండి. వచ్చిన నంబరును జాగ్రత్త చేయండి. ఇకపై ప్రతి దరఖాస్తులో ఆ నంబరు రాయాలి.

రెండోది, సమాచార హక్కు. మామూలుగా జవాబుకు 30 రోజులు. కానీ ఒక మనిషి ప్రాణానికో, స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది. దరఖాస్తు పైనే ఆ మాట రాసి, 'ఎంబసీ అధికారి ఏ తేదీన కలిశారు? వకీలు ఉన్నారా? కేసు ఏమిటి?' అని సూటిగా అడగండి. విదేశీ సంబంధాలు, గోప్యత పేరుతో నిరాకరించవచ్చు. అయినా నిరాకరణ కూడా రాతపూర్వకంగా ఉంటుంది, దానిపై అప్పీలు చేయవచ్చు.

మూడోది, రాష్ట్రం. హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబరు నుంచి ప్రవాసీ ప్రజావాణి ఉంది. నిజామాబాద్ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకీ రసీదు తీసుకోండి.

నాలుగోది, శిక్ష ఖరారైతే బదిలీ. ఖైదీల బదిలీకి 2003లో చట్టం వచ్చింది. సౌదీ, యూఏఈ, ఖతార్ వంటి దేశాలతో ఒప్పందాలు ఉన్నాయి. ఖైదీ ఒప్పుకుని, రెండు ప్రభుత్వాలూ అంగీకరిస్తే మిగిలిన శిక్ష ఇక్కడి జైల్లో అనుభవించవచ్చు. అప్పుడు కనీసం ములాఖత్‌కు వెళ్లగలరు.

ఎన్నికలప్పుడు ఏం అడగాలి?

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రూ.5 లక్షల సాయం ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. ఏళ్లుగా అడిగితే వచ్చింది. బతికుండి జైల్లో ఉన్నవారి కోసం మూడు అడగండి: జిల్లాలవారీగా ఖైదీల లెక్క, అరెస్టు తెలిసిన ఇన్ని రోజుల్లో ఎంబసీ కలవాలనే గడువు, కుటుంబానికి నెలకోసారి రాతపూర్వక సమాచారం.

మూడింటికీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని, ఈ మూడింటిపై పార్లమెంటులో ప్రశ్న వేస్తారా, ఎప్పుడు వేస్తారు అని తేదీతో సహా అడగండి.