మా ఫొటోలకు మా వీధిలోనే ఓ గోడ కావాలి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫొటోలకు కొదవ లేదు. కోచింగ్ సెంటర్ల హోర్డింగుల మీద ర్యాంకర్ల ముఖాలు, మెట్రో పిల్లర్ల మీద నగల ప్రకటనలు, స్టూడియోల అద్దాల్లో పెళ్లి జంటలు. అయితే మలక్‌పేట దాటాక ఎల్బీనగర్ దాకా, ఏదీ అమ్మకుండా ఊరికే చూడమని పెట్టిన ఫొటో నాకెప్పుడూ కనపడలేదు. అందుకే నా మొదటి ప్రదర్శనను ఈ చలికాలం కొత్తపేటలో ఓ అపార్ట్‌మెంట్ ప్రహరీ మీద పెట్టాను.

గ్యాలరీల మీద నాకు కోపం లేదు. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌ను మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో చూసి ఎంతో నేర్చుకున్నవాణ్ని. కానీ నా ఫొటోల్లో ఉన్నది గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ హమాలీలు. వాళ్లు తమ ముఖాలు చూసుకోవడానికి కూలి మానుకుని, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి మాదాపూర్ రావాలా?

సుమారు 22 ఎకరాల ఆ మార్కెట్‌ను 2021లో బాటసింగారం తరలించారు. ఆ జాగాలో టిమ్స్ ఆసుపత్రి కడుతున్నారు. ఆసుపత్రి రావాల్సిందే. అయినా తెల్లవారుజామున లారీల్లోంచి దిగే మామిడి, పెట్టెల్లో పరిచే గడ్డి, వేలం పాటల కేకలు, బత్తాయి కుప్పల పక్కనే నడుం వాల్చిన మనుషులు... ఇదంతా ఇక్కడే జరిగేదని పక్క వీధి హాస్టల్ పిల్లలకు ఎవరు చెబుతారు?

బయట పెట్టే ఫొటోకు గోడను ఎండను బట్టి ఎంచుకోవాలి. నేను ఉత్తరం చూసే గోడ తీసుకున్నాను. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు కాబట్టి రోజంతా దానిమీద నేరుగా ఎండ పడదు. ఫ్లెక్స్ వద్దనుకున్నాను. వీధి దీపం వెలుగు తగిలితే అది మెరుస్తుంది, బొమ్మలో ముఖం కనపడదు. బట్ట మీద ప్రింట్ చేయించి, పైనా కిందా పీవీసీ పైపు దూర్చి తాళ్లతో కట్టాం. గోడకూ బట్టకూ మధ్య గాలి ఆడే సందు వదలాలి. లేదంటే తెరచాపలా ఉబ్బి తాడు తెంపుకుంటుంది.

వీధిలో పెట్టేటప్పుడు ఇంకో బాధ్యత కూడా ఉంది. ఫొటోలోని మనిషిని చుట్టాలూ ఇరుగుపొరుగూ అందరూ చూస్తారు. అందుకే ప్రింట్‌కు ఇచ్చే ముందు బాటసింగారం వెళ్లి, దొరికిన ప్రతి ఒక్కరికీ ఫొటో చూపించి అడిగాను. ఒప్పుకోనివాళ్లవీ, దొరకనివాళ్లవీ పక్కన పెట్టేశాను. మామిడి పెట్టెల్లో గడ్డి పరిచే ఒకామె "నా మొఖం వద్దు బిడ్డా, చేతులు పెట్టుకో" అన్నది. చేతులే పెట్టాను. సొనకు నల్లబడ్డ గోళ్లు, మణికట్టుకు అంటుకున్న గడ్డిపరక. జనం ఎక్కువసేపు నిలబడింది ఆ ఫొటో ముందే.

ఒక సాయంత్రం పాత మార్కెట్ హమాలీ ఒకాయన తన ఫొటో చూసుకోవడానికి వచ్చాడు. తనను వదిలేసి, వెనకాల మసగ్గా ఉన్న మనిషి మీద వేలు పెట్టాడు. "గీయన మా మేస్త్రి. కరోనాల పోయిండు. గిది ఇంకోటి తీసిస్తవా అన్నా?" ప్రదర్శన అయిపోయాక ఆ బట్టనే చుట్టి ఆయనకిచ్చాను. మాదాపూర్‌లో పెట్టి ఉంటే ఆ మేస్త్రి ఎవరో నాకు చెప్పేవాళ్లే ఉండేవారు కాదు.

హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీ పేరు తెచ్చుకున్నది రాజుల కొలువులో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసినవాటిలో మేడలు, వేటలు, విందులే ఎక్కువ. ఆ నిజాం సరూర్‌నగర్ ప్యాలెసే తర్వాత అనాథ పిల్లల విక్టోరియా మెమోరియల్ హోమ్ అయింది. మెట్రో స్టేషన్‌కూ ఆ పేరే పెట్టారు. రాజుగారి మేడనే పిల్లలకు ఇచ్చిన చోట, మామూలు మనుషుల ఫొటోలకు ఓ గోడ ఇవ్వలేమా? ప్యారిస్‌లో 2000లో యాన్ ఆర్తుస్ బెర్ట్రాండ్ ఆకాశం నుంచి తీసిన ఫొటోలను లక్సెంబర్గ్ తోట ఇనుప కంచెకే వేలాడదీశారు. టికెట్ లేకుండా దారిన పోయేవాళ్లంతా చూశారు.

నాకు గోడ దొరికింది అపార్ట్‌మెంట్ కమిటీ మంచితనం వల్ల. అంతకుముందు ఓ ఆఫీసులో రోడ్డు పక్క గోడ అడిగితే ప్రకటనల ఫీజు ఫారం చేతిలో పెట్టారు. అమ్మకం లేని ఫొటోకు వేరే ఫారమే లేదట. నగర పాలకులను నేను అడిగేది చిన్నదే. సరూర్‌నగర్ చెరువు గట్టునో, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ కిందనో వంద అడుగుల గోడ కేటాయించండి. ఫీజు వద్దు. ఒక్కొక్కరికి పదిహేను రోజులు ఇవ్వండి. ఫొటోలోని మనిషి ఒప్పుకోలు ఉండాలన్నది ఒక్కటే షరతు. పెళ్లిళ్లు లేని రోజుల్లో మూసీ ఒడ్డున తమకోసం తాము ఫొటోలు తీసుకునే చైతన్యపురి ఫొటోగ్రాఫర్లు నా ప్రదర్శనకు వచ్చి అడిగింది కూడా ఇదే: "తర్వాత ఎవరిని అడగాలన్నా?"