మేఘాల కొండ గిరిజనులది.. రాబడి ఎవరిది?

పాడేరు: శీతాకాలం వచ్చిందంటే మన్యంలోని ఘాట్‌రోడ్లు తెల్లవారక ముందే వాహనాలతో నిండిపోతున్నాయి. విశాఖపట్నం నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చే సందర్శకులు చీకటిలోనే వంజంగి కొండెక్కి, సూర్యోదయ వేళ లోయను కప్పిన మేఘాలను చూసి మురిసిపోతున్నారు. చింతపల్లి మండలంలోని లంబసింగిది మరో ఆకర్షణ. ఆరుబయట నిలిచినవారు కొయ్యలా బిగుసుకుపోతారన్న అర్థంలో స్థానికులు ఆ ఊరిని కొర్రబయలు అంటారంటే అక్కడి చలి ఎంతటిదో ఊహించవచ్చు.

ఈ రద్దీ వెంట గుడారాలు, రిసార్టులు వెలిశాయి. వాటి వెంటే వివాదమూ వచ్చింది. పర్యాటకాభివృద్ధి కోసం 1/70 చట్టాన్ని సవరించాలని 2025 జనవరిలో విశాఖ పర్యాటక సదస్సులో శాసనసభ స్పీకర్ అయ్యన్నపాత్రుడు సూచించడం మన్యంలో కలకలం రేపింది. ఫిబ్రవరిలో గిరిజన సంఘాలు బంద్‌కు దిగాయి. చట్టాన్ని తొలగించే ఉద్దేశం లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించాల్సి వచ్చింది.

ఇంతకూ పర్యాటకానికి ఆ చట్టం నిజంగా అడ్డమా? దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గిరిజనులకు గానీ, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘానికి గానీ తప్ప ఇతరులకు బదిలీ చేయరాదు. విక్రయంతో పాటు కౌలు, దానం కూడా బదిలీ కిందికే వస్తాయి. కనుక గిరిజన రైతు పేరు ముందుంచి బయటి పెట్టుబడిదారు లీజుపై నడిపే గుడారమూ చట్టవిరుద్ధమే. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని సైతం ఈ నిషేధం పరిధిలోకి తెచ్చింది. నేడు సందర్శకులతో కిటకిటలాడే బొర్రా పరిసరాల్లోని గనుల లీజులే ఆ కేసుకు మూలం కావడం గమనార్హం.

సహకార సంఘమనే ద్వారాన్ని చట్టమే తెరచి ఉంచినా, సవరణ కోరేవారు దానివైపు చూడటం లేదు. సంఘంగా ఏర్పడిన గిరిజన రైతుల అరకు కాఫీకి నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో 2017లో పారిస్‌లో దుకాణమే వెలసింది. కాఫీకి సాధ్యమైనది నాలుగు గదుల అతిథిగృహానికి సాధ్యపడదా? కొరవడినవి పెట్టుబడి, శిక్షణ మాత్రమే.

గ్రామ అభివృద్ధి పథకాలను ఆమోదించే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. మారుమూల గూడేల నుంచి గర్భిణులను నేటికీ డోలీల్లో మోసుకొస్తున్న ఈ ప్రాంతంలో, సందర్శకుల నుంచి వసూలయ్యే రుసుములో ఎంత భాగం ఆ గూడేల దారులకు వెచ్చించాలో గ్రామసభలే తేల్చవలసి ఉంది.