ఒకే మెషీన్, రెండు కూలీలు

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కార్మికుణ్ణి తొలగించడాన్ని సులువు చేసింది. కేంద్ర చట్టం ప్రకారం ఇన్నాళ్లూ వంద మంది ఉన్న ఫ్యాక్టరీ లేఆఫ్‌కైనా, మూసివేతకైనా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడా పరిమితి మూడు వందలు. దాన్ని ప్రభుత్వాలు ఒక్క నోటిఫికేషన్‌తో ఇంకా పెంచుకోవచ్చు. అంటే కార్మికుడి రక్షణ చట్టసభ గడప తొక్కకుండానే కరిగిపోగలదు.

పాత చట్టం గొప్పగా పనిచేసిందని మేము అనడం లేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో మూడు వందల మందితో మొదలైన ఆ అనుమతి నిబంధన 1984 నుంచి వందకు దిగింది. దాన్ని తప్పించుకోవడానికీ, చవక కూలికీ యాజమాన్యాలు కాంట్రాక్టర్లను ఆశ్రయించాయి. సంఘటిత తయారీ రంగంలో 2000 ప్రాంతంలో ఐదుగురిలో ఒకరు కాంట్రాక్టు కార్మికుడైతే, ఇప్పుడు ఇద్దరు.

ఏ పారిశ్రామికవాడలోనైనా షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడి చూడండి. ఒకే మెషీన్ మీద పనిచేసిన ఇద్దరు బయటికొస్తారు. ఒకరికి బేసిక్, డీఏ, పీఎఫ్ లెక్కలతో పే స్లిప్ ఉంటుంది. రెండోవాడికి కాంట్రాక్టర్ చేతిలో పెట్టిందే జీతం. ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని 1971 నాటి కాంట్రాక్టు కార్మిక నిబంధనలే చెప్పాయి. అడిగే నాథుడేడీ? నష్టం రెండోవాడితో ఆగదు. చవగ్గా దొరికే మనిషి పక్కనే ఉండగా పర్మినెంట్ కార్మికుడు మాత్రం వేతన ఒప్పందంలో ఏం గట్టిగా అడగగలడు?

ఈ గాయానికి కొత్త కోడ్ చూపుతున్న మందు నిర్ణీత కాల ఉద్యోగం. ఏడాది నిండితే గ్రాట్యుటీ ఇస్తామంటోంది. మంచిదే. కానీ ఒప్పందాన్ని ఎన్నిసార్లు పొడిగించవచ్చో పరిమితి లేదు. పదకొండో నెలలో ఇంటికి పంపితే ఆ గ్రాట్యుటీ కూడా దక్కదు. రేపు ఉంటాడో లేదో తెలియని మనిషికి ఏ యాజమాన్యం పని నేర్పుతుంది? పని నేర్వనివాడికి కూలి ఎలా పెరుగుతుంది?

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇప్పుడే మేలుకోవాలి. మూడు వందల పరిమితిని చట్టసభలో చర్చించకుండా పెంచకూడదు. సమాన పనికి సమాన కూలి అందుతోందో లేదో ఫ్యాక్టరీల్లోకి వెళ్లి తనిఖీ చేయించాలి. పనిచేసిన ఏడాదికి పదిహేను రోజుల జీతమన్న తొలగింపు పరిహారాన్ని పెంచాలి. పాత గోడ కొందరినే కాపాడింది, నిజమే. బయట ఉన్నవాళ్లకు నీడ కల్పించకుండా ఆ గోడను కూల్చేస్తే అందరూ ఎండలోనే మిగులుతారు.