గుర్రమెక్కి వచ్చిందెవరు?

బడిలో సాంఘికశాస్త్రం చెప్పే పంతులు ఘజ్నీ మహమ్మద్ పాఠానికి వచ్చేసరికి మా బెంచీ వైపు చూసేవాడు. గుర్రాలెక్కి, కత్తులు దూసి, కనుమలు దాటి వచ్చారని చెప్పేవాడు. ఎవరు వచ్చారో ఆయన చూపే చెప్పేది. క్లాసంతా వెనక్కి తిరిగేది. అప్పటిదాకా మా బలపం పంచుకున్నవాడు కూడా కొంచెం జరిగి కూర్చునేవాడు.

మేం గుర్రమెక్కి వచ్చామట! మా ఇళ్ళకొచ్చి చూస్తే తెలిసేది. మాలో ఒకరి తాత జట్కా తోలాడు. ఆ గుర్రం కూడా అప్పు చేసి కొన్నదే. ఇంకొకరి తాత ఊరూరా తిరిగి ఎడ్లకు నాడాలు కొట్టాడు. మరొకరి ఇంట్లో దూదేకి పరుపులు కుట్టారు. గుర్రమెక్కినవాడితో మాకేదైనా సంబంధం ఉంటే, అది వాడి గుర్రం కాలెత్తి ఒళ్ళో పెట్టుకున్న సంబంధమే.

మాలోనూ కొందరున్నారు. తమ పెద్దలు తుర్కీ నుంచి, ఇరాన్ నుంచి గుర్రాల మీద దిగారని మీసం మెలేసే ఖాందానీలు. పంతులు చెప్పే అబద్ధాన్ని వాళ్ళు వంశవృక్షంగా రాసుకున్నారు. వాళ్ళ గొప్ప వాళ్ళకుంటుంది, దెబ్బలు మాత్రం మాకు తగులుతాయి.

సరే, గుర్రాల సంగతే మాట్లాడుకుందాం. పాఠంలో లేని గుర్రాలు ఐదున్నాయి. అవి కనుమలు దాటి రాలేదు, ఓడెక్కి వచ్చాయి. వాటి మీద కత్తి పట్టినవాడెవడూ లేడు. వాటిని బహుమతి అన్నారు.

లాహోరు మహారాజు రంజిత్ సింగ్ ఇంగ్లండు రాజుకు కశ్మీరు శాలువలు కానుకగా పంపాడు. దానికి బదులుగా నాలుగో విలియం పేరు మీద ఒక మగ గుర్రం, నాలుగు ఆడ గుర్రాలు బయలుదేరాయి. స్వారీ గుర్రాలు కావవి. లండన్ వీధుల్లో బీరు పీపాల బండ్లు లాగే భారీ జాతి. లైలీ అనే ఒక్క గుర్రం కోసం 60 లక్షల రూపాయలు, 12,000 ప్రాణాలు ఖర్చయ్యాయని తానే చెప్పుకున్న గుర్రాల పిచ్చోడికి బండి గుర్రాలు పంపారన్నమాట. వాటికి తోడు ఒక పెద్ద కోచీ బండిని కూడా చేర్చారు. ఇంత బరువైన కానుక ఎండలో, రోడ్డు మీద లాహోరు చేరలేదు కాబట్టి సింధు నది మీదుగా పడవల్లో వెళ్ళాలన్నారు. అసలు కిటుకంతా అక్కడుంది. నది లోతెంత, వెడల్పెంత, ఒడ్డున కోటలెన్ని, ఆవిరి పడవ ఎంత దూరం పోగలదు అన్నది కంపెనీకి కావాలి. నది కింది భాగమేమో తాల్పూర్ అమీర్లది. సర్వే చేసుకుంటామంటే వాళ్ళు ఒప్పుకోరు. గుర్రాలను తీసుకుపోతున్నామంటే కాదనడం కష్టం.

దానమిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూడకూడదంటారు మన పెద్దలు. ఈ గుర్రాల పళ్ళు కాదు, పడవ అడుగున జారవిడిచిన కొలతాళ్ళు చూడాల్సింది.

1831 జనవరి 21న కచ్‌లోని మాండ్వి రేవు నుంచి పడవలు కదిలాయి. వాటి మీద పెత్తనం 25 ఏళ్ళ లెఫ్టినెంట్ అలెగ్జాండర్ బర్న్స్‌ది. అమీర్లు మొదట రానివ్వలేదు. వెనక్కి తరిమారు. కచ్‌లోని కంపెనీ రెసిడెంటు పాటింజర్ ఒత్తిడి మీద ఒత్తిడి తెచ్చాక దారిచ్చారు. ఆ ఒడ్డున నిలబడ్డ ఒక సయ్యద్, ఇంగ్లీషువాళ్ళు నదిని చూసేశారు, ఇక సింధు పోయినట్టేనని వాపోయాడట. ఈ మాట రాసింది మేం కాదు, ముస్లిం చరిత్రకారుడూ కాదు. బర్న్సే తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. నది ఒడ్డున నిలబడ్డ ఒక మామూలు మనిషికి అర్థమైన సంగతిని మన పాఠ్యపుస్తకాలు రాసిన మేధావులు పట్టించుకోలేదు.

వాళ్ళలో వాళ్ళకే ఇది నచ్చలేదు. గవర్నర్ జనరల్ కౌన్సిల్ సభ్యుడు చార్లెస్ మెట్‌కాఫ్ 1830లోనే, కానుక పేరుతో నదిని సర్వే చేయడం మోసమనీ, మన ప్రభుత్వానికి తగదనీ రాసిపెట్టాడు. వినేవాడెవడు?

జులైలో గుర్రాలు లాహోరు చేరాయి. చేరకముందే వాటి కీర్తి చేరింది. ఒక లాడాన్ని తూకం వేస్తే నూరు రూపాయల ఎత్తు తూగింది. ఇక్కడి గుర్రానికి నాలుగు కాళ్ళ లాడాలూ కలిపితే అంత బరువు. ఆశ్చర్యపోయి దాన్ని ముందుగా లాహోరుకు పంపించారు. ఆ లాడాలను చూసి నెలవంక అసూయతో పాలిపోయిందని రంజిత్ సింగ్ ఆస్థానం జవాబు ఉత్తరంలో పొగిడింది. నాడాలు కొట్టినవాళ్ళ మనవలం కాబట్టి మాకు ఈ వివరం దగ్గర కాలు ఆగుతుంది. మా పీర్ల పండుగలో నాడా ఆకారంలో పీరు లేస్తుంది, దాని ముందు మాలా మాదిగలూ గౌండ్లవాళ్ళూ మాతోపాటు ఊదు వేస్తారు. ఆ నాడా మా దుఃఖానికి గుర్తు. లాహోరుకు పోయిన నాడా ఎవరి దుఃఖానికి గుర్తో అప్పట్లో దర్బారుకు తెలియలేదు.

ఏడాది తిరిగింది. 1832లో సింధులోని హైదరాబాద్ అమీర్లతో - మన హైదరాబాద్ కాదు, అదే పేరున్న వాళ్ళ రాజధాని - కంపెనీ ఒప్పందం రాసుకుంది. సరుకు పడవలకు నది తెరవాలి. ఆయుధాలు, యుద్ధ పడవలు రాకూడదు. ఒకరి రాజ్యం వైపు ఒకరు ఆశపడి చూడకూడదన్న షరతు కూడా అందులో ఉంది. 1839లో అఫ్ఘాన్ యుద్ధానికి పోయే కంపెనీ సైన్యం సింధు మీదుగానే నడిచింది. కరాచీని పట్టుకుంది. 1843 ఫిబ్రవరి 17న మియానీ దగ్గర నేపియర్ సైన్యం అమీర్లను ఓడించింది. సింధు కంపెనీదైంది. అమీర్లు ఖైదీలయ్యారు. సింధు మీద మనకు హక్కు లేదు, అయినా పట్టుకుంటాం, అది లాభసాటి దగాకోరు పని అని నేపియరే డైరీలో రాసుకున్నాడు. కానుక అందుకున్న పంజాబుకు 1849లో అదే గతి పట్టింది.

అమీర్ల కోసం మేం ఏడవడం లేదు. షికారు కోసం పంట పొలాలను అడవులు చేసిన దొరలు వాళ్ళు. వాళ్ళ కింద నలిగిన హారీ రైతు కూడా కలిమా చదివినవాడే. మా లెక్క వేరే ఉంది.

గుర్రాల కానుక ఆలోచన వెనకున్న పెద్దమనిషి లార్డ్ ఎలెన్‌బరో. అప్పట్లో లండన్‌లో కంపెనీ మీద అజమాయిషీ చేసే బోర్డుకు అధ్యక్షుడు. ఆయనే 1842లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడ దిగాడు. ఆ ఏడాది నవంబరు 16న ఒక ప్రకటన చేశాడు. ఘజ్నీలో మహమ్మద్ సమాధికున్న తలుపులు ఊడబెరికి తెచ్చామనీ, అవి సోమనాథ్ గుడి తలుపులనీ, ఎనిమిది వందల ఏళ్ళ అవమానానికి బదులు తీరిందనీ ఈ దేశపు రాజులకు, ప్రజలకు చాటాడు. తీరా చూస్తే అవి సోమనాథ్ తలుపులే కావు. గంధపు చెక్క కాదు, దేవదారు. వాటి మీద చెక్కినవి అరబీ అక్షరాలు. ఇంగ్లండు పార్లమెంటులోనే మెకాలే ఆ ప్రకటనను ఎండగట్టాడు. తలుపులు సోమనాథ్ చేరనే లేదు. ఆగ్రా కోటలో పడి ఉన్నాయి.

తేదీలు మళ్ళీ చదవండి. నవంబరులో తలుపుల ప్రకటన, ఫిబ్రవరిలో సింధు ఆక్రమణ. మధ్యలో మూడు నెలలు. ఆశపడి చూడమని రాసిచ్చిన రాజ్యాన్ని మింగబోతూ, ఎప్పుడో 1025 నాటి దండయాత్రను తవ్వి హిందువుల చేతిలో పెట్టాడు. తన గుర్రాలను కానుకలన్నాడు. వేరేవాళ్ళ గుర్రాలను ఎనిమిది వందల ఏళ్ళ అవమానం అన్నాడు.

ఘజ్నీ మహమ్మద్ దోపిడీగాడు కాదని మేం అనం. అతని లెక్క అతనికి రాయండి. అతని గుర్రం కళ్ళేన్ని మా జట్కా తాత చేతిలో ఎందుకు పెడతారు? మా బెంచీ వైపు చూసిన పంతులు తన సొంత మాట చెప్తున్నాననుకున్నాడు. ఆయన నోట్లో ఉన్నది ఎలెన్‌బరో మాట. స్వదేశీ అంటూ ఊరేగేవాళ్ళు, మమ్మల్ని దేశభక్తి రుజువు అడిగేవాళ్ళు ఒక తెల్లదొర రాసిచ్చిన కాగితం పట్టుకుని అడుగుతున్నారు. ప్రగతిశీల మిత్రులు కూడా మహమ్మద్ వచ్చింది మతం కోసం కాదు, డబ్బు కోసం అని మా తరఫున వాదిస్తారు. మంచిదే. కానీ ఎందుకొచ్చాడన్నదే వాదిస్తూ పోతే, మేం అతనితో వచ్చామన్న మాట అట్లాగే ఉండిపోతుంది.

మా పిల్లలు ఇప్పుడు అదే పాఠానికి వచ్చారు. పంతులు మీ వైపు చూస్తే తల దించుకోవద్దన్నాం. లేచి నిలబడి ఒక్క మాట అడగమన్నాం - సార్, ఆ ఐదు గుర్రాల పాఠం ఎప్పుడు చెప్తారు?