ముక్కు కుంగిన పికప్‌కి రబ్బరు ముక్కలు పెట్టడం ఇక మానండి

మిర్చి కోతలు ఊపందుకునేలోపు ఈ మాట చెప్పాలి. చదివాక నన్ను తిట్టుకున్నా పర్లేదు, బండి దగ్గరికి మాత్రం ఒకసారి వెళ్లి చూడండి.

మన ఊళ్లల్లో పదేళ్లు దాటిన డీజిల్ పికప్పులు చాలానే ఉన్నాయి. వాటిలో బొలెరో క్యాంపర్ లాంటి బండ్లకి వెనక కమాన్ కట్టలు, ముందు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు పక్కనుంచి చూడండి. చాలా బండ్లు ముక్కు నేలకేసి, తోక పైకెత్తి నిలబడి ఉంటాయి. అడిగితే "పాతబడిందన్నా, నడుస్తోందిగా" అంటారు. నడవటం వేరు, మన అదుపులో నడవటం వేరు.

కాయిల్ స్ప్రింగ్ కుంగిందంటే దాని ఎత్తు తగ్గింది. ఎత్తు తగ్గితే చక్రం పైకి కిందికి ఆడే చోటు తగ్గుద్ది. గుంట రాగానే కింది ఆర్మ్ పోయి బంప్ స్టాపర్ రబ్బరుకి కొడుద్ది. ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కి, బాల్ జాయింట్లకి, స్టీరింగ్‌కి పోద్ది. చక్రం నేల వదిలి ఎగురుద్ది. నేల వదిలిన చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. పైగా చక్రాల పైభాగం లోపలికి వాలి, టైరు లోపలి అంచు గుండు కొట్టినట్టు అరిగిపోద్ది. బయటినుంచి చూస్తే టైరు బాగానే కనపడుద్ది. చెయ్యి లోపలికి పెట్టి తడిమితే తెలుస్తుంది.

దీనికి మనం చేస్తున్న వైద్యం ఏంటి?

మొదటిది, షాక్ అబ్జర్వర్లు మార్చడం. అయ్యా, మామూలు షాక్ అబ్జర్వర్ బండిని మోయదు. అది ఊపును ఆపుద్ది, అంతే. మోసేది స్ప్రింగే. కొత్త షాకులు వేసినా ముక్కు అక్కడే ఉంటది, డబ్బులు మాత్రం పోతాయి.

రెండోది, స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్ దూర్చడం. ఎత్తు లేస్తుంది, నిజమే. కానీ రబ్బరు పట్టుకున్న చుట్టు పనిచేయదు. దాని భారం మిగతా చుట్ల మీద పడుద్ది. అలిసిపోయిన మనిషి నెత్తిన ఇంకో బస్తా పెట్టినట్టు. స్ప్రింగు విరిగేది అక్కడే.

మూడోది ఘోరం. గ్యాస్ పెట్టి కాల్చి, సాగదీసి మళ్లీ బిగించడం. స్ప్రింగు ఉక్కుకి పదును పెట్టి తయారుచేస్తారు. ఎర్రగా కాల్చితే ఆ పదును చచ్చిపోద్ది. కొడవలి వాడే మనకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు ఎత్తుగా కనపడి మళ్లీ కూర్చుంటది, లేదా రోడ్డు మీద విరుగుద్ది.

నాలుగోది, ఒకవైపే మార్చడం. ఒక కొత్త ఎద్దు, ఒక ముసలి ఎద్దు కట్టిన బండి ఎటు లాగుద్దో మీకు తెలుసు. స్ప్రింగులు జతగానే మార్చాలి.

"డబ్బులు ఎక్కడియి అన్నా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఒక పని చేయండి. మీ టౌన్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో జత స్ప్రింగుల ధర, బిగించే కూలి అడగండి. పక్కనే రెండు ముందు టైర్ల ధర, బాల్ జాయింట్లు, బుష్షుల ధర అడగండి. రెండు చీటీలు పక్కపక్కన పెట్టుకుని మీరే తేల్చుకోండి. అప్పటికీ ఈ నెల కుదరకపోతే, మార్చేదాకా బరువు తగ్గించండి. 40 కిలోలు దాటే మిర్చి టిక్కీలు క్యాబిన్ మీదకి కూడా ఎక్కించి యార్డుకి పంపేది ఆపండి. ముందున్న ఇనుప గార్డు తీసేయండి. రాత్రీ పగలూ ఆ ఇనుము మోసేది ఈ స్ప్రింగులే. ఆ గార్డుల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది కూడా.

ముందు కొలుచుకోండి. సిమెంటు కళ్లం లాంటి చదును నేల మీద ఖాళీ బండి పెట్టండి. టైర్లలో గాలి సమానం చేయండి. ముందు భాగాన్ని రెండు మూడు సార్లు నొక్కి వదలండి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నిలువుగా టేపు పట్టండి, రెండు వైపులా. అదే మోడల్ మంచి బండి ఒకటి దొరికితే దాంతో పోల్చండి. బంప్ స్టాపర్‌కి, ఆర్మ్‌కి మధ్య ఖాళీ దాదాపు లేకపోతే ఇక వేరే రుజువు అక్కర్లేదు. అడుగు చుట్టు దగ్గర దమ్ము బురద పట్టి తుప్పు తిన్నదేమో కడిగి చూడండి.

మార్చేటప్పుడు దగ్గరుండండి. ఛాసిస్ నంబరు చెప్పి స్ప్రింగులు తెచ్చుకోండి, కంటి కొలతతో వద్దు. పాత ఇనుము కొట్టులో స్ప్రింగులు అసలే వద్దు. నొక్కిపెట్టిన స్ప్రింగులో వందల కిలోల బలం ఉంటది. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా తాడు కట్టి, గడ్డపారతో ఎగదోసే మెకానిక్ దగ్గర బండి పెట్టొద్దు. జారితే ప్రాణమే పోద్ది, ఆ కుర్రాడికీ ఇల్లుంది. ఆర్మ్ బుష్షుల బోల్టులు చక్రం గాల్లో వేలాడుతుండగా ఆఖరి బిగువు బిగించనివ్వకండి. బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే బిగించాలి, లేదంటే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుద్ది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి. ముక్కు లేస్తుంది కాబట్టి హెడ్‌లైట్లు కూడా కిందికి సరిచేయించండి. లేకపోతే ఎదురొచ్చేవాడి కళ్లల్లో కొడతాయి.

కొందరు ఇదే సందని ఇంకా మందం స్ప్రింగులు వేయించి ఇంకో పది టిక్కీలు ఎక్కిద్దామనుకుంటారు. స్ప్రింగు మార్చితే బ్రేకులు పెరగవు, ఛాసిస్ పెరగదు, ఆర్‌సీలో రాసిన బరువు పెరగదు.

చివరిగా ఒక మాట. సరుకు బండిలో కూలీలను ఎక్కించకూడదు, అది చట్టం. అయినా కోతల కాలంలో తెల్లారకముందే ఎక్కిస్తున్నాం, మనందరికీ తెలుసు. ఆ వెనక నిలబడే ఆడవాళ్లకి మీ స్ప్రింగు సంగతి తెలియదు. బండి ఎగిరితే పట్టుకోవడానికి వాళ్లకి డాలా అంచు తప్ప ఏమీ లేదు. వాళ్లు మనల్ని నమ్మి ఎక్కుతున్నారు. రబ్బరు ముక్కతో ఎన్నాళ్లు నెట్టుకొద్దామని?

ఈ ఆదివారం టేపు పట్టుకుని కొలవండి. మీ బండి కొలతలు కింద రాయండి, అదే మోడల్ ఉన్నోళ్లు పోల్చుకుంటారు.