కాల్చేసిన పులిపిరికి రిపోర్టు ఏది?

పిక్క మీద గడ్డ అయిదేళ్లుగా ఉందని ఆమె చెప్పగానే, "ఇన్నాళ్లు ఎందుకూరుకున్నావమ్మా" అని నేనూ అడిగాను. అడిగాక సిగ్గేసింది. నొప్పి లేని గడ్డ కోసం కూలి మానుకునేదెవరు? పులిపిరి అనుకుంది. రక్తం కారడం మొదలయ్యాక వెళితే, పట్నంలో డాక్టరు కూడా పులిపిరే అన్నాడు. కరెంటుతో కాల్చి పంపేశాడు. ఏడాది తిరక్కుండా అక్కడే మళ్లీ లేచింది. గజ్జల్లో బిళ్లలు కట్టాయి. అప్పుడుగానీ ముక్క తీసి పరీక్షకు పంపలేదు. పోరోకార్సినోమా అని తేలింది. చెమట గ్రంథి నాళంలో పుట్టే క్యాన్సర్ ఇది.

1963లో పింకస్, మెహ్రెగాన్ అనే వైద్యులు మొదట వర్ణించిన ఈ జబ్బు చాలా అరుదు. ఎక్కువగా అరవై దాటినవాళ్లకు, తరచు కాళ్ల మీద వస్తుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న మామూలు కణితి కూడా ఒక్కోసారి ఇలా మారుతుంది. చూపుతో పోల్చుకోవడం అనుభవజ్ఞులకూ కష్టమే. మైక్రోస్కోపు కిందే బయటపడుతుంది. చుట్టూ మంచి చర్మంతో సహా వెడల్పుగా కోసి, అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగల్లేదని చూడటమే ప్రధాన చికిత్స. అయినా సుమారు అయిదుగురిలో ఒకరికి తిరగబెడుతుంది. దాదాపు అంతమందికీ బిళ్లలకు పాకుతుంది. పాకాక ఫలానా మందే ఇవ్వాలన్న ఒప్పందం వైద్యుల్లోనే లేదు.

ఇంత అరుదైన జబ్బును ఆ డాక్టరు పోల్చుకోలేదని నా ఫిర్యాదు కాదు. కాల్చే ముందు చిన్న ముక్క తీసి లాబుకు పంపి ఉంటే చాలు, జబ్బు పేరు ఆయనకు తెలియనక్కర్లేదు. పెద్దాసుపత్రిలో ఆమె కేసు షీటు చూశాను. "ఆలస్యంగా వచ్చింది" అని రాసి ఉంది. ఆమె చేసిన ఆలస్యం కాగితానికెక్కింది. వైద్యం చేసిన ఆలస్యం ఎక్కడా లేదు.

2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. మంచిదే. కానీ పరీక్షే చెయ్యనిదానికి రికార్డు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆడవాళ్లను ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లే మన కార్యకర్తలు గర్భసంచి గురించి అడగడం నేర్చుకున్నారు. కాలి మీద గడ్డ గురించీ అడగాలి: తీసిన ముక్క పరీక్షకు వెళ్లిందా, అంచులు శుభ్రంగా ఉన్నాయా? స్లైడు, మైనపు దిమ్మ జాగ్రత్త చెయ్యమనాలి. ఇంకో డాక్టరు చూడాలంటే అవే ఆధారం.

ఆమెకు గజ్జల్లో బిళ్లలు తీసేశారు. కాలి వాపు తగ్గలేదు. ఈ ఏడు నాట్లకు కూతురు వెళ్లింది.