ఆటపట్టున గండి

బాలుర యాటలను గూర్చి సంపాదకీయము వ్రాయనేల యని కొందఱు పాఠకు లడుగవచ్చును. 2021 డిసెంబరు మాసమున జరిగిన వృత్తాంతమే దీనికి సమాధానము. స్వీడనుదేశమున మోజాంగ్ సంస్థవారు నిర్మించిన మైన్‌క్రాఫ్ట్ అను క్రీడ లోకప్రసిద్ధము. పలువురు దూరదేశములనుండి కూడి యాడుటకు సర్వరను యంత్రము నడుమ నుండవలయును. దానిని సంస్థవారే కాక, యింట గూర్చున్న విద్యార్థియు నెలకొల్పుకొనవచ్చును. ఆ డిసెంబరు 9వ తేదీన లోకమునకు వెల్లడియైన లోపమేమనగా, ఆటగాడెవడైనను తోడివారితో ముచ్చటించు తావున నొక్క పంక్తి వ్రాసినంతమాత్రమున నా సర్వరు వాని వశము కాగలదు! తలుపు పగులగొట్ట నక్కఱలేదు. తాళపుచెవి దొంగిలింప నక్కఱలేదు.

ఇది యెట్లు సంభవించెను? సర్వరులో జరుగు విషయములను దినచర్యగా వ్రాసియుంచుటకు లాగ్‌ఫోర్‌జే అను పరికరము కలదు. వ్రాయసగాని ధర్మము విన్నది వ్రాయుట. కాని 2013లో నీ వ్రాయసగానికి మఱియొక యధికారము నొసంగిరి. వ్రాయుచున్న మాటలలో నొకానొక గుర్తుతో నేదేని చిరునామా కనబడినచో, నచటికి బోయి యందున్నదానిని గొనితెచ్చుటయే యా యధికారము. తెచ్చినది పగవాని యాజ్ఞయైనను నిర్వర్తింపబడుచుండెను. పూర్వము గ్రామకరణము అర్జీని దాఖలుచేయుటకు మాఱుగా, అందు వ్రాసినట్లెల్ల పట్టాలు మార్చివేసియుండినచో రైతుల గతి యేమై యుండును?

ఈ వ్రాయసగాడు ఆటపట్టున మాత్రమే కొలువుండలేదు. ప్రభుత్వ కార్యాలయములందును, వర్తకసంస్థలయందును ఈ పరికరమే యుండెను. లోపతీవ్రతను గణించువారు దీనికి పదింట పది వేసిరి. ఇంతటిదానిని పోషించుచుండిన వారెవ్వరు? తీఱికవేళలలో వేతనము లేక పనిచేయు కొలదిమంది స్వచ్ఛందసేవకులు! కోట్లు గడించు సంస్థలు దానిని ఉచితముగా వాడుకొనినవి. గండిపడినప్పుడు నిందలు మాత్రము ఆ సేవకులమీద బడినవి. పదియూళ్ల చెఱువుకట్టను నలుగురు కూలిలేక కాచుచుండ, ఆయకట్టుదారులు పంట నింటికి జేర్చుకొని కట్టవంక చూడకుండుట న్యాయమగునా?

మోజాంగువారు మఱునాడే, 10వ తేదీన, 1.18.1 అను సవరించిన ప్రతిని విడుదలచేసిరి. సంస్థవారి సాధనముతో నాడువారికి, ఆటను మూసి తిరిగి తెఱచినంతనే యది చేరెను. సొంతముగ సర్వరు నడుపువారు మాత్రము తామే పూనుకొని మార్చుకొనవలసియుండెను. మందు దొరకుట వేఱు, మందు మ్రింగుట వేఱు. ఈ లోపము పదియేండ్లు, అంతకుమించియు, అక్కడక్కడ నిలిచియుండునని అమెరికా ప్రభుత్వపు సమీక్షామండలి 2022 జూలైలో హెచ్చరించెను. కారణము చిక్కు ప్రశ్న కాదు. తమ యింటిలో నీ పరికరమున్నదని యెఱుగనివారు పెక్కుమంది.

కావున సర్వరు నడుపు యువకులకు మా హితవు: సవరణలు వచ్చిననాడే చేర్చుకొనుడు; ఎఱిగినవారినే లోనికి రానిండు; ఇంటి లెక్కలును, రహస్యపు పత్రములును ఉన్న యంత్రమున సర్వరు నుంచకుడు. తలిదండ్రులు ఆటను నిషేధింప బనిలేదు. సర్వరు నెవరు కాచుచున్నారని యడిగిన జాలును. ధనికసంస్థలకు చెప్పవలసినది వేఱు. ఉచితముగా దొరకినది ఉచితముగా నిలువదు. కట్టను కాచువానికి కూలి యిచ్చుట దానము కాదు, ఋణము తీర్చుట. ఆ ఋణము తీఱనంతకాలము, మఱియొక గండికి మనమే చోటిచ్చుచున్నవారము.